ఓవెన్ తలుపు చెమర్చితే: మైక్రోవేవ్ వంటలో ఆవిరిని దారిలో పెట్టడం

మా పక్కింటి వదిన కొత్త మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చుకున్నది డిసెంబరు నెలలో. నల్లగొండలో పొద్దున పూట చలి బాగా ఉన్న రోజులు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, గాజు గిన్నెలో వేసి, మూత పెట్టకుండా మూడు నిమిషాలు తిప్పింది. మొదటి నిమిషంలో ఏమీ కనపడలేదు. రెండో నిమిషం సగానికి వచ్చేసరికి తలుపు అద్దం లోపలివైపు మంచు పట్టినట్టు మసకబారింది. తర్వాత ఆ మసక సన్నని చుక్కలయింది, చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి గీతలు గీతలుగా కిందికి జారాయి, తలుపు తెరవగానే కింది అంచున నిలిచిన నీరు గ్రానైటు గట్టు మీదికి కారింది. "మిషిన్ కారుతున్నది, వాపసు ఇచ్చేద్దాం" అని ఆమె నన్ను పిలిచింది. అది మిషిన్‌లోంచి వచ్చిన నీరు కాదని, అన్నంలోంచి వచ్చిన నీరేనని చెబితే నమ్మలేదు. మర్నాడు అదే గిన్నెలో 400 గ్రాముల అన్నం పెట్టి, వేడి చేయకముందు ఒకసారి, చేసిన తర్వాత ఒకసారి వంటింటి త్రాసు మీద తూచి చూపించాను. ఇరవై గ్రాముల దాకా తగ్గింది. అప్పుడు నమ్మింది.

ఓవెన్‌లో ఆవిరి పుట్టకుండా చేయడం ఎవరి తరమూ కాదు, ఆ అవసరమూ లేదు. ఆ ఆవిరి గిన్నెలోనే ఉండాలా, బయటికి పోవాలా అన్నది వండే పదార్థాన్ని బట్టి ముందే తేల్చుకొని, దానికి తగిన దారి చూపడమే మన చేతిలో ఉన్న పని. ఆ దారి ఎలా చూపాలో, చూపకపోతే ఏమవుతుందో కింద వివరిస్తాను.

గోడలు చల్లగా ఉంటాయి గనుక

ఓవెన్‌లోని మ్యాగ్నెట్రాన్ 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగాలను పుట్టిస్తుంది. అవి ఆహారంలోని నీటి అణువులను కుదిపి వేడి పుట్టిస్తాయి, లోపలి లోహపు గోడలకు తగిలినప్పుడు మాత్రం వాటిని పెద్దగా వేడి చేయకుండానే వెనక్కి మళ్లుతాయి. అందువల్ల అన్నం పొగలు కక్కుతున్నప్పుడు కూడా గోడలు, తలుపు అద్దం ఇంచుమించు గది వేడిమిలోనే ఉంటాయి. ఎండాకాలంలో చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టడానికి ఏది కారణమో ఇక్కడా అదే కారణం, కాకపోతే అక్కడ గాలిలోని తేమ నీరవుతుంది, ఇక్కడ గిన్నెలోంచి లేచిన ఆవిరి నీరవుతుంది. ఓటీజీలో (కరెంటు కడ్డీలు కాగి వండే ఓవెన్‌లో) గానీ, వేడి గాలితో వండే కన్వెక్షన్ పద్ధతిలో గానీ వండితే గోడలే కాగి ఉంటాయి గనుక ఆవిరి వాటి మీద చుక్కలై నిలవదు. ఎండలు ముదిరి వంటిల్లు కూడా ఉడికిపోయే మే నెలలో అద్దం తక్కువగా చెమర్చడానికి, చలికాలంలో ఎక్కువగా చెమర్చడానికి కారణం కూడా ఇదే, కాబట్టి కాలాన్ని బట్టి తేడా కనిపిస్తే ఓవెన్ చెడిపోయిందని అనుకోనక్కరలేదు.

ఆవిరి ఎంత చోటు కోరుతుందో చాలామందికి ఊహకు అందదు. ఒక గ్రాము నీరు మరిగి పూర్తిగా ఆవిరైతే దానికి దాదాపు 1.7 లీటర్ల చోటు కావాలి. వదిన గిన్నెలో తగ్గిన ఇరవై గ్రాముల లెక్క వేస్తే అది ముప్పై లీటర్లకు పైబడిన ఆవిరి, ఆమె ఓవెన్ లోపలి చోటు మొత్తం చూస్తే 20 లీటర్లు. లోపల పట్టని ఆవిరి ఏదో ఒక దారిన బయటపడాలి, లేదా చల్లని గోడ మీద నీరై మళ్లీ కొంచెం చోటులోకి ఒదగాలి. ఓవెన్‌లో జరిగేది ఈ రెండూ కలిసే.

బయటపడే దారి కొంత ఓవెన్‌లోనే ఉంది. వెనకవైపు తిరిగే ఫ్యాను ముఖ్యంగా మ్యాగ్నెట్రాన్‌ను చల్లబరచడానికి పెట్టినది. అయితే ఆ గాలిలో కొంత భాగం పక్కగోడకు ఉన్న చిన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వచ్చి, ఆవిరిని వెంటబెట్టుకొని మరోవైపు రంధ్రాల గుండా బయటికి పోతుంది. గిన్నెలోంచి ఆవిరి లేచే వేగం ఫ్యాను మోసుకుపోయే వేగాన్ని మించినంతసేపూ మిగిలినది అద్దానికి అంటుకుంటుంది. వెనక గానీ పక్కన గానీ చేయి పెడితే వెచ్చని చెమ్మగాలి తగులుతుంది. అది తగులుతున్నదంటే దారి తెరిచే ఉందని అర్థం.

ఇక్కడ ఒక భయాన్ని తీర్చాలి. తలుపు సందుల్లోంచి ఆవిరి వస్తున్నదంటే తరంగాలు కూడా బయటికి వస్తున్నాయేమో అని అడిగేవారు చాలామంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు ప్రెషర్ కుక్కర్ మూతలాగా రబ్బరు గాస్కెట్‌తో గాలి చొరకుండా బిగించినది కాదు. ఆ తలుపు అంచును ప్రత్యేకమైన కొలతలతో చేయడం, అద్దంలో లోహపు జాలీ పెట్టడం తరంగాలను ఆపడానికే తప్ప గాలిని ఆపడానికి కాదు. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు, కాబట్టి లోపలి వెలుతురు కళ్లకు కనిపిస్తుంది గానీ తరంగం బయటికి రాలేదు. తలుపు వంకర పోకుండా, గొళ్లెం సడలకుండా, అంచున మడ్డి పేరుకోకుండా ఉన్నంతవరకు సందులోంచి వచ్చే ఆవిరి వట్టి ఆవిరి మాత్రమే.

మొదట చోటు చూసుకోవాలి

ఈ విషయంలో నేను సొంత ఖర్చుతో పాఠం నేర్చుకున్నాను. వంటింట్లో గోడకు ప్లైవుడ్ అరలు చేయించుకున్నప్పుడు ఓవెన్ కొలత ఇచ్చి, సరిగ్గా అంతే ఉండేట్టు ఒక అర కట్టమన్నాను. కట్టిన మేస్త్రి తప్పేమీ లేదు, నేను చెప్పినట్టే కట్టాడు. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉండేది. రెండు వానాకాలాలు గడిచేసరికి పైపలక మధ్యలో ఉబ్బి, అంచుకు అతికించిన పట్టీ ఊడి, లోపలివైపు నల్లని బూజు మచ్చలు తేలాయి. ఓవెన్ బయటికి వదిలిన ప్రతి గ్రాము ఆవిరినీ ఆ పలకే పీల్చుకున్నది. వెచ్చదనం, తేమ రెండూ ఒకచోట దొరికితే బొద్దింకలకు అంతకంటే మంచి ఇల్లు ఉండదు కాబట్టి అవి కూడా వెనక చేరాయి.

కంపెనీవాళ్లు ఇచ్చే పుస్తకాన్ని మనం సాధారణంగా అట్టపెట్టెతో పాటు సజ్జ మీదికి తోసేస్తాం, కానీ దానిలోని మొదటి పేజీల్లోనే చుట్టూ ఎంత ఖాళీ వదలాలో ఉంటుంది. మోడల్‌ను బట్టి అంకెలు మారుతాయి గనుక మీ పుస్తకంలో ఉన్నదే పాటించాలి. గట్టు మీద పెట్టే ఓవెన్లకు పైన సుమారు 20 సెంటీమీటర్లు, వెనకా పక్కలా 10 సెంటీమీటర్ల చొప్పున వదిలితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పైన గుడ్డ కప్పి, దాని మీద రొట్టెల డబ్బా, మందుల డబ్బా పేర్చే అలవాటు మన ఇళ్లలో ఉంది. గాలి రంధ్రాలు పైన ఉన్న మోడల్ అయితే ఆ అలంకారం ఆవిరి దారిని నేరుగా మూసేస్తుంది. కిటికీకో ఎగ్జాస్ట్ ఫ్యానుకో దగ్గరగా ఉన్న చోటు అన్నిటికంటే మంచిది. పొయ్యి పక్కన మాత్రం పెట్టవద్దు, ఎందుకంటే అక్కడ కుక్కర్ ఆవిరినీ, పోపు నూనె తుంపరలనూ ఓవెన్ ఫ్యాను తనలోకి లాక్కుంటుంది.

మరిగిన తర్వాత పెట్టే ప్రతి నిమిషం ఆవిరికే

శక్తిని జౌళ్లలో కొలుస్తారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్లు చాలు. అదే గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరిగా మారడానికి 2,260 జౌళ్లు కావాలి. పదో తరగతి సైన్సు పుస్తకంలో చదువుకున్న గుప్తోష్ణం ఇదే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే ఓవెన్ ఎలా వాడాలో సగం తెలిసిపోతుంది. 800 వాట్ల ఓవెన్ ఒక నిమిషంలో ఇచ్చే శక్తి 48,000 జౌళ్లు. పప్పుచారు మరుగు పట్టేంతవరకు ఆ శక్తి చారును వేడి చేయడానికి పనికొస్తుంది. మరుగు పట్టాక కూడా అదే పవర్‌లో వదిలేస్తే చారు 100 డిగ్రీలకు మించి పెద్దగా వేడెక్కదు, శక్తి అంతా నిమిషానికి ఇరవై గ్రాముల చొప్పున నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఆ ఆవిరి మీ తలుపు మీద చుక్కలవుతుంది. కరెంటు లెక్క చూసినా, 800 వాట్లు ఇచ్చే ఓవెన్ గోడ ప్లగ్గు నుంచి సుమారు 1,200 వాట్లు తీసుకుంటుంది కాబట్టి, ప్రతి 100 గ్రాముల నీటిని ఊరికే ఆవిరి చేయడానికి దాదాపు పదో వంతు యూనిట్ ఖర్చవుతుంది.

కనుక వేడి చేయడం వరకే అయితే మరిగేదాకా ఆగకూడదు. కూర గానీ చారు గానీ 75, 80 డిగ్రీలకు వస్తే తినడానికి కావలసినంత వేడి అయినట్టే. సగం సమయానికి ఆపి, ఒకసారి అడుగునుంచి కలిపి, మళ్లీ పెట్టండి. గిన్నెలో అంచులు ముందుగా కాగి ఆవిరి విడుస్తుంటే మధ్యభాగం చల్లగా ఉండడం మైక్రోవేవ్ స్వభావం; కలపకుండా సమయం పెంచితే అంచుల నుంచి ఆవిరి పెరుగుతుందే తప్ప మధ్యభాగం అంత త్వరగా వేడెక్కదు.

ఉడికించవలసినది ఏదైనా ఉంటే మొదట పూర్తి పవర్‌లో మరుగు పట్టించి, తర్వాత 50 శాతానికి తగ్గించండి. ఇన్వర్టర్ (పవర్‌ను నిజంగానే తగ్గించి నడిపే ఏర్పాటు) లేని మామూలు ఓవెన్లలో 50 శాతం అంటే మ్యాగ్నెట్రాన్ సగం బలంతో పనిచేయడం కాదు, కొన్ని క్షణాలు పూర్తి బలంతో నడిచి కొన్ని క్షణాలు ఆగిపోవడం. చెవి పెడితే హోరు పెరగడం, తగ్గడం వినిపిస్తుంది. ఆగిన ఆ క్షణాల్లో కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అప్పటిదాకా చేరిన ఆవిరిని బయటికి పంపడానికి దానికి వీలు చిక్కుతుంది. నా అనుభవంలో అద్దం చెమర్చడాన్ని తగ్గించే ఉపాయాల్లో ఇంతకు మించినది లేదు, అయినా పవర్ బటన్‌ను ఒక్కసారి కూడా నొక్కని ఇళ్లే ఎక్కువ.

నీటి విషయంలో కూడా చెయ్యి తగ్గించాలి. పాలకూర, బీరకాయ, బీన్స్ వంటి కూరగాయలకు కడిగినప్పుడు అంటుకున్న తడి, దాని మీద రెండు చెంచాల నీళ్లు చాలు. పావు కిలో బీన్స్ మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచి, రెండు నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే తమ ఆవిరికి తామే ఉడుకుతాయి. పొయ్యి మీద అలవాటైన చేతితో గ్లాసెడు నీళ్లు పోస్తే ఓవెన్ ముందుగా ఆ నీళ్లను మరిగిస్తుంది, కూరగాయ తర్వాతి మాట.

మూత ఎప్పుడు, ఎలా

అసలు కిటుకు అంతా మూతలోనే ఉంది. ఆవిరి లోపలే ఉండవలసిన వంటకు మూత కావాలి, కానీ బిగుతుగా వద్దు. ఆవిరి పోవలసిన వంటకు మూత అసలే వద్దు. ఈ రెండు రకాలను కలగాపులగం చేయడం వల్లనే అన్నం గట్టిపడడం, అప్పడం మెత్తబడడం జరుగుతాయి.

అన్నం మొదటి రకం. కప్పు అన్నానికి ఒక చెంచా నీళ్లు చల్లి, గాజు మూతనో, లోహపు అంచు లేని పింగాణీ పళ్లేన్నో వదులుగా కప్పాలి. మూత కింద చేరిన ఆవిరి అన్నం మీదే నీరై మెతుకును మళ్లీ మెత్తన చేస్తుంది, బయటికి పోయేది కొంచెమే. వదిన ఇంట్లో మూత పెట్టి, ఒకటిన్నర నిమిషం తర్వాత ఒకసారి కలిపి, ఇంకో నిమిషం తిప్పిన రోజు అద్దం మీద చిన్న మసక తప్ప గీతలు రాలేదు. రంధ్రాలున్న ప్లాస్టిక్ గుమ్మటం మూతలు తుంపరలను ఆపడానికి మంచివి, అయితే వాటి రంధ్రాలు పెద్దవి అయితే ఆవిరి చాలావరకు పోతుంది. గాలి చొరని డబ్బాను క్లిప్పులు పెట్టిన మూతతో ఎప్పుడూ లోపల పెట్టవద్దు. ఆవిరి ఎంత చోటు కోరుతుందో పైన చూశాం, దారి లేకపోతే అది మూతను ఎగరగొట్టి దారి చేసుకుంటుంది.

జొన్నరొట్టెకు మూత కంటే గుడ్డ మేలు. రొట్టెను ఖాళీ గాజు పళ్లెం మీద పెట్టి నలభై సెకన్లు తిప్పి, వెంటనే ఎత్తి చూడండి: పళ్లెం మీద రొట్టె ఆకారంలోనే గుండ్రని తడి కనిపిస్తుంది, రొట్టె అడుగు మెత్తబడి అంటుకుంటుంది, పైభాగం మాత్రం అట్టలాగా ఎండిపోతుంది. రొట్టెలోంచి కిందికి వచ్చిన ఆవిరి చల్లని గాజుకు తగిలి నీరైంది, పైకి పోయినది గాలిలో కలిసిపోయింది. దీనికి విరుగుడుగా పాత నూలు గుడ్డను తడిపి, చుక్క కారకుండా గట్టిగా పిండి, రెండు రొట్టెలను అందులో చుట్టి ముప్పై సెకన్లు పెట్టాలి. గుడ్డ కింద తడిని పీల్చుకుంటుంది, పైన తడిని ఇస్తుంది. నిమిషం దాటనివ్వవద్దు, తడి ఆరిన గుడ్డ మాడే ప్రమాదం ఉంది. తీశాక ఆ గుడ్డలోనే ఉంచి తినాలి, ఎందుకంటే జొన్నరొట్టె ఆరితే మళ్లీ లొంగదు.

ఇడ్లీలు, కుడుములు ఓవెన్‌లో చేసేవారికి వేరే చిక్కు వస్తుంది. ప్లాస్టిక్ ఇడ్లీ పాత్రలో అడుగున నీళ్లు పోసి మూత పెడతాం. ఆవిరి మూతకు తగిలి నీరై, నడిమధ్యన చేరి, కింద ఉన్న ఇడ్లీ మీద చుక్కలు చుక్కలుగా పడి దాన్ని గుంట చేస్తుంది. మన పెద్దవాళ్లు కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి కుడుములు ఉడికించింది ఊరికే కాదు. గుడ్డలో చుక్క నిలబడి కిందపడదు, ఆవిరి మాత్రం దాని గుండా పోతుంది. అదే పనిని ఓవెన్‌లో ఇలా చేయవచ్చు: మూత పెట్టేముందు తడిపి పిండిన పలుచని నూలు గుడ్డను పాత్ర మీద పరిచి, అంచులు మూత బయటికి పెద్దగా వేలాడకుండా మడిచి, ఆపై మూత పెట్టండి. చుక్క గుడ్డలో ఇంకిపోతుంది. ఇడ్లీ పైభాగం నున్నగా వస్తుంది.

మక్కకంకికి మూత దాని పొట్టే. పొట్టు తీయకుండా, పైన వేలాడే పీచు మాత్రం కత్తిరించి, ఒక కంకిని మూడు నాలుగు నిమిషాలు పెడితే పొట్టు లోపలి ఆవిరికే గింజ ఉడుకుతుంది. అద్దం దాదాపు చెమర్చదు. శివరాత్రికి తినే కందగడ్డకూ (చిలగడదుంపకూ), ఆలుగడ్డకూ, గుత్తివంకాయకూ తొక్క ఇలాగే మూత అవుతుంది గానీ వాటికి చాకుతోనో ఫోర్కుతోనో నాలుగైదు గాట్లు పెట్టాలి, లేకపోతే లోపల బిగిసిన ఆవిరి తొక్కను పగలగొడుతుంది. పెంకుతో ఉన్న గుడ్డును మాత్రం గాటు పెట్టినా పెట్టకపోయినా ఓవెన్‌లోకి రానివ్వవద్దు. అది లోపల పగలకపోయినా, బయటికి తీసి చేతిలోకి తీసుకున్నాక పగలవచ్చు.

ఆవిరి పోవలసిన రకానికి పాలమూరు పల్లీల కంటే మంచి ఉదాహరణ లేదు. 200 గ్రాముల ఒలిచిన పల్లీలను వెడల్పాటి గాజు పళ్లెంలో పలుచగా పరిచి, మూత లేకుండా, నిమిషానికోసారి తీసి కలుపుతూ వేయించండి. మొదటి నిమిషంలోనే అద్దం మసకబారుతుంది. గింజ పొడిగా కనిపించినా దానిలో తేమ ఉంటుంది, ముందు అది బయటికి వస్తుంది. కలపడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ అద్దాన్ని పొడి గుడ్డతో తుడిచేయాలి. తుడిచిన అద్దం మళ్లీ మసకబారకుండా నిలిచిందంటే గింజలో తేమ అయిపోయిందని, ఇక నుంచి వేగడం మొదలైందని గుర్తు. అక్కడి నుంచి ముప్పై సెకన్ల చొప్పున మాత్రమే పెట్టండి, ఎందుకంటే తేమ పోయిన పల్లీ లోపల నూనె కాగి, బయట రంగు మారకముందే నడుమ మాడిపోతుంది. వాసన వచ్చినప్పుడు తీసి చల్లార్చితే అప్పుడు కరకరలాడతాయి. పచ్చి పల్లికాయలను ఉప్పునీళ్లలో ఉడకబెట్టడానికి మాత్రం ఓవెన్ జోలికి పోకుండా కుక్కర్ పెట్టుకోవడం ఉత్తమం. అంతసేపు నీళ్లను మరిగించి ఓవెన్‌ను ఆవిరి గది చేయడంలో లాభం ఏమీ లేదు.

అప్పడాలను కూడా మూత లేకుండా, కింద కాగితం పరిచి, అర నిమిషం నుంచి నిమిషంలోపు కాల్చాలి. సర్వపిండిని మళ్లీ కరకరలాడించడానికి ఎన్ని ఉపాయాలు పన్నినా ఓవెన్‌లో అది మెత్తబడుతుంది, పెనం మీద రెండు నిమిషాలు వేసుకోండి.

మూత తీసేటప్పుడు

ఆవిరి నీరైనప్పుడు తాను దాచుకున్న 2,260 జౌళ్లనూ తిరిగి ఇచ్చేస్తుంది. గోడకు తగిలితే గోడకు, చేతికి తగిలితే చేతికి. మరిగే నీళ్ల కంటే ఆవిరి ఎక్కువగా కాల్చడానికి కారణం ఇది. వంట ఆగిన తర్వాత ఒకటి రెండు నిమిషాలు తలుపు తీయకుండా ఆగండి. తలుపు తీసేటప్పుడు ముఖం దగ్గర పెట్టకండి, కళ్లజోడు ఉన్నవారికి ఇది రెండింతలు చెబుతున్నాను. గిన్నెను గట్టు మీద పెట్టి, మూతను మీకు ఎదురుగా ఉన్న అంచు నుంచి, అంటే ఆవలివైపు నుంచి ముందుగా ఎత్తితే ఆవిరి అటువైపు పోతుంది. చిన్నపిల్లలు గట్టు ఎత్తుకు ముఖం వచ్చేట్టు నిలబడి చూస్తుంటారు, వారిని వెనక్కి పంపిన తర్వాతే మూత తీయాలి.

నున్నని గాజు గ్లాసులో వట్టి నీళ్లను ఎక్కువసేపు వేడి చేస్తే అవి మరుగు పట్టకుండానే 100 డిగ్రీలు దాటి, కదపగానే లేదా చక్కెర వేయగానే ఒక్కసారిగా పొంగి పైకి చిమ్మవచ్చు. నీళ్లలో ఒక చెక్క చెంచానో పుల్లనో వేసి ఉంచితే బుడగలు పుట్టడానికి ఆధారం దొరికి ఈ ప్రమాదం తగ్గుతుంది.

వంట అయ్యాక ఐదు నిమిషాల పని

కొన్ని మోడళ్లలో వంట పూర్తయినా ఫ్యాను ఒకటి రెండు నిమిషాలు తిరుగుతుంది. అది ఆగేదాకా ఉండి, తర్వాత గోడ స్విచ్చు ఆపి, తలుపు తెరవండి. స్విచ్చు ఆపకపోతే చాలా ఓవెన్లలో తలుపు తెరిచి ఉన్నంతసేపూ బల్బు వెలుగుతూనే ఉంటుంది. మెత్తని పొడి గుడ్డతో మొదట పైకప్పు, తర్వాత గోడలు, తలుపు, ఆఖరున అడుగు తుడవాలి. చుక్కలు పైనుంచి కిందికి వస్తాయి కాబట్టి తుడవడం కూడా అదే వరుసలో ఉంటే ఒకే పనిని రెండుసార్లు చేయనక్కరలేదు.

తిరిగే గాజు పళ్లేన్ని, దాని కింద ఉన్న చక్రాల రింగును ఎత్తి చూసేవారు తక్కువ. నీరు నిజంగా చేరేది అక్కడే. పళ్లేన్ని తిప్పే ఇరుసు చుట్టూ చిన్న సందు ఉంటుంది, దాని కిందనే మోటారు ఉంటుంది, అక్కడ నిలిచిన నీరు నెమ్మదిగా మోటారులోకి దిగుతుంది. పక్కగోడకు అగ్గిపెట్టె కంటే పెద్దగా, బూడిద రంగులోనో గోధుమ రంగులోనో కనిపించే మైకా రేకు ఇంకొక నాజూకు చోటు. తరంగాలు లోపలికి వచ్చే ద్వారాన్ని కప్పి ఉంచేది అదే. దాని మీద నూనె తుంపర, చెమ్మ కలిసి పేరుకుంటే అది మాడి నిప్పురవ్వలు వస్తాయి. దాన్ని మెల్లగా అద్దినట్టు తుడవాలి, రుద్దకూడదు, ఊడదీయకూడదు.

తుడిచాక తలుపును రెండు వేళ్ల సందుతో పది పదిహేను నిమిషాలు తెరిచి ఉంచితే మిగిలిన తడి ఆరిపోతుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అరగంట అయినా పడుతుంది. మూసిన ఓవెన్‌లో రాత్రంతా తడి మగ్గితే పొద్దున తలుపు తెరవగానే ముక్క వాసన కొడుతుంది. తొందరగా ఆరాలని ఖాళీ ఓవెన్‌ను మైక్రోవేవ్ పద్ధతిలో నడపడం మాత్రం చేయవద్దు. తరంగాలను పీల్చుకునే పదార్థం ఏదీ లేకపోతే అవి తిరిగి మ్యాగ్నెట్రాన్‌నే దెబ్బతీస్తాయి. కన్వెక్షన్ ఉన్న ఓవెన్ అయితే ఆ పద్ధతిలో ఐదు నిమిషాలు ఖాళీగా నడిపితే గోడలు కాగి తడి ఇట్టే ఆరుతుంది, అందులో ప్రమాదం లేదు.

మన జిల్లాలో అడిగే ఒక ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి. ఆరిన తర్వాత అడుగున తెల్లని మరకలు కనిపిస్తే ఆవిరిలో సున్నం, ఫ్లోరైడ్ ఉన్నాయేమో అని అనుమానపడతారు. ఆవిరి నీరైతే అది స్వేదన జలం వంటిదే, లవణాలు దానితో లేచి రావు. ఆ మరకలు గిన్నెలోంచి పొంగిన లేదా తుంపరలుగా చిందిన బోరునీళ్లవి. దీనికి రెండో వైపు కూడా ఉంది: నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ గిన్నెలో మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిన సంగతి తెలిసినవారు కూడా ఓవెన్‌లో కాచిన నీళ్లు మంచివని నమ్మడం నేను చూశాను.

గోడలకు మరకలు ఎండి పట్టుకున్నప్పుడు ఇదే ఆవిరిని పనికి పెట్టుకోవచ్చు. గాజు గిన్నెలో కప్పు నీళ్లు, కోసిన నిమ్మకాయ, ఒక చెక్క చెంచా వేసి నాలుగు నిమిషాలు పూర్తి పవర్‌లో పెట్టండి. ఆగిన తర్వాత ఐదు నిమిషాలు తలుపు తీయకూడదు. గోడల మీద నీరైన ఆవిరి మరకలను నానబెడుతుంది, తర్వాత గుడ్డతో తుడిస్తే వచ్చేస్తాయి. నిమ్మకాయ వేసినా, బత్తాయి తొక్కలు వేసినా కమ్మని వాసన వస్తుంది, మరకను నానబెట్టేది మాత్రం ఆవిరే.

మెకానిక్‌ను పిలవవలసినప్పుడు

ఆహారం ఏదైనా, మూత ఎలా పెట్టినా ఇదివరకు లేనంతగా నీరు కారుతూ, వెనక చేయి పెడితే గాలి తగలకపోతే ఫ్యాను ఆగిపోయినట్టే. ఆ స్థితిలో వాడితే మ్యాగ్నెట్రాన్ కూడా వేడెక్కి చెడుతుంది, కాబట్టి వెంటనే ఆపాలి. బటన్ల పలకలోకి చెమ్మ పోయి అవి పలకకపోతే ప్లగ్గు తీసి ఒక రోజు ఆరనివ్వండి, మర్నాడు కూడా అలాగే ఉంటే చూపించండి. లోపలి పెయింటు లేచి తుప్పు కనిపిస్తే, లేదా నిప్పురవ్వలు వస్తే, వాడకం ఆపి పిలిపించాలి. బయటి కవచాన్ని మీరే విప్పవద్దు, ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఈ మధ్య వదిన మళ్లీ పిలిచింది, తలుపు రెండు అద్దాల మధ్యన మసక పట్టింది, గుడ్డ అందడం లేదని. రెండు పొరల సందుల్లోంచి దూరిన ఆవిరి అది. తలుపు విప్పనక్కరలేదు. పగలంతా తలుపు తెరిచి ఉంచమని చెప్పాను, సాయంత్రానికి పోయింది.